ఇద్దరు సూర్యుల చుట్టూ ఒక గ్రహం

మన పెళ్ళిళ్ళలో వధూవరులకు అరుంధతీ నక్షత్రాన్ని చూపించడం ఆచారం. సప్తర్షి మండలంలో వసిష్ఠుడి పక్కన మినుకుమనే చిన్న చుక్కే అరుంధతి. పురోహితుడు చెయ్యెత్తి చూపిస్తాడు; కనిపించినా కనిపించకపోయినా అందరూ తలూపుతారు. అయితే ఆయన చెప్పని విశేషం ఒకటుంది. దూరదర్శినిలో చూస్తే వసిష్ఠుడు ఒక్క చుక్క కాదు, రెండు. ఆ రెండింటి కాంతినీ వర్ణపటంగా విడదీసి పరిశీలిస్తే ప్రతి ఒక్కటీ మళ్ళీ ఒక జంట! అరుంధతికి కూడా ఒక చిన్న తోడు ఉన్నట్టు 2009లో కనుగొన్నారు.

ఇదేమీ అపురూపమైన సంగతి కాదు. సూర్యుని వంటి నక్షత్రాల్లో దాదాపు సగానికి తోడు నక్షత్రాలున్నాయి. మన సూర్యుడే ఒంటరివాడు. మరి జంట నక్షత్రాల దగ్గర గ్రహాలు నిలుస్తాయా? నిలవవు అని తేలితే ఆకాశంలో సగం బీడు కిందే లెక్క. అందుకే ఈ ప్రశ్న శాస్త్రజ్ఞులకు అంత ముఖ్యమైంది.

కావడి లెక్క

జంట నక్షత్రాల్లో ఒకటి కదలకుండా నిలబడితే రెండోది దాని చుట్టూ తిరుగుతుందని అనుకోకూడదు. రెండూ కలిసి తమ ఉమ్మడి ద్రవ్యరాశి కేంద్రం చుట్టూ తిరుగుతాయి. కావడి మోసే మనిషిని చూడండి. రెండు కుండలూ సమానమైతే భుజం బద్దకు నట్టనడుమ ఉంటుంది. ఒక కుండ బరువైతే భుజం ఆ వేపుకి జరుగుతుంది. ఆ భుజమే ద్రవ్యరాశి కేంద్రం.

ఇక్కడికి రెండు వస్తువులే గనక న్యూటన్ సూత్రాలతో లెక్క తేలిగ్గా తేలుతుంది. మూడోదిగా ఒక గ్రహాన్ని తెచ్చి పెట్టామా, చిక్కు మొదలవుతుంది. గ్రహం మరీ దగ్గరగా ఉంటే ఒకసారి ఈ నక్షత్రం, ఇంకోసారి ఆ నక్షత్రం దాన్ని లాగుతూ ఉంటాయి. ఉయ్యాలను సమయం చూసి ఊపితే ఎలా పైపైకి లేస్తుందో, అలా ఆ చిన్న చిన్న లాగుడులు పోగై గ్రహం కక్ష్య చెదిరిపోతుంది. చివరికి అది ఏదో ఒక నక్షత్రాన్ని గుద్దుకోవాలి, లేదా శాశ్వతంగా బయటికి విసిరేయబడాలి.

అయితే క్షేమమైన చోట్లు రెండున్నాయి. ఒకటి, నక్షత్రాలు బాగా ఎడంగా ఉన్నప్పుడు ఏదో ఒకదాన్ని అంటిపెట్టుకుని తిరగడం. రెండోది, నక్షత్రాలు దగ్గరదగ్గరగా ఉన్నప్పుడు రెండింటికీ దూరంగా, రెండింటినీ కలిపి చుట్టడం.

మొదటి తరహాకు గామా సెఫై మంచి ఉదాహరణ. అక్కడి రెండు నక్షత్రాల మధ్య దూరం, భూమికీ సూర్యుడికీ మధ్య ఉన్న దూరానికి సుమారు 20 రెట్లు. పెద్ద నక్షత్రం చుట్టూ 2 రెట్ల దూరంలోనే ఒక భారీ గ్రహం రెండున్నరేళ్ళకొకసారి తిరుగుతోంది. 1988లో కెనడా శాస్త్రజ్ఞులకు దీని మీద అనుమానం కలిగింది. తర్వాత వాళ్ళే సందేహించి వెనక్కి తగ్గారు. 2003లో గాని అది గ్రహమేనని రూఢి కాలేదు.

కెప్లర్-16

రెండో తరహా ఇంకా విచిత్రం. అమెరికా వారి కెప్లర్ అంతరిక్ష దూరదర్శిని 2009లో పైకి వెళ్ళి, హంస మండలం దిక్కుగా లక్షన్నర నక్షత్రాల కాంతిని ఏళ్ళ తరబడి కొలిచింది. వాటిలో కెప్లర్-16 అనే జంట ఉంది. దూరం సుమారు 245 కాంతి సంవత్సరాలు. పెద్దది సూర్యుని ద్రవ్యరాశిలో 69 శాతం, నారింజ రంగు. చిన్నది 20 శాతం, ఎరుపు. 41 రోజులకొక చుట్టు పూర్తి చేస్తాయి. వాటి కక్ష్య మనకు అంచు వేపు నుంచి కనిపిస్తుంది గనక ఒకదాన్నొకటి కప్పుకుని గ్రహణాలు పడుతుంటాయి. చిన్నది అడ్డొస్తే కాంతి 13 శాతం, పెద్దది అడ్డొస్తే 1.6 శాతం తగ్గుతుంది.

ఇలాంటి గ్రహణ జంటలు మన వాళ్ళకు కొత్త కాదు. ఉస్మానియా విశ్వవిద్యాలయం వారు రంగాపూర్ దగ్గర 1968లో నెలకొల్పిన 48 అంగుళాల దూరదర్శినితో ఎన్నో ఏళ్ళు గ్రహణ జంటల కాంతినే కొలిచారు.

కెప్లర్-16లో ఈ రెండు తగ్గుదలలూ కాక మూడోది కూడా కనిపించింది: 1.7 శాతం. ఇది ఎవరి నీడ? ఒకసారికీ మరోసారికీ ఎడం మొదట 230.3 రోజులు, తర్వాత 221.5 రోజులు. గ్రహం కదలని ఒక్క నక్షత్రం చుట్టే తిరుగుతుంటే ఈ ఎడం ఎప్పుడూ సమానంగా ఉండాలి. ఇక్కడ గ్రహం దాటాల్సిన గడపే చోటు మారుతోంది! అంటే ఆ గ్రహం రెండు నక్షత్రాలనీ కలిపి చుడుతోందన్నమాట. ఈ సంగతి 2011 సెప్టెంబరులో ప్రకటించారు. దాని ద్రవ్యరాశి గురుగ్రహంలో మూడో వంతు, అంటే ఇంచుమించు మన శనిగ్రహమంత. భూమి-సూర్యుల దూరంలో 0.7 వంతు దూరాన ఉండి, 229 రోజులకొక చుట్టు తిరుగుతుంది.

అక్కడి కార్తెలు

సెలవులకు ఇంటికెళ్ళినప్పుడు ఇదంతా మా నాన్నకు చెప్పాను. అంతా విని, "అయితే అక్కడ ఏ కార్తెలో విత్తనం వెయ్యాల్రా?" అని అడిగాడు. నవ్వుకున్నాను గాని, ప్రశ్న మాత్రం వదల్లేదు. కాగితం తీసి లెక్క కట్టాను.

అక్కడ వేడి అంతా పెద్ద సూర్యుడిదే. చిన్నవాడి వంతు బహు స్వల్పం. కాని ఆ పెద్ద సూర్యుడు కావడి భుజం చుట్టూ తిరుగుతూ గ్రహానికి ఒకసారి దగ్గరవుతాడు, ఒకసారి దూరమవుతాడు. ఈ దూరం 0.65 నుంచి 0.75 దాకా మారుతుంది. వేడి దూరపు వర్గానికి విలోమంగా ఉంటుంది గనక ఎక్కువకీ తక్కువకీ తేడా మూడో వంతు దాకా వస్తుంది. ఇది 41 రోజులకొకసారి జరుగుతుందా? కాదు. గడియారంలో పెద్ద ముల్లు చిన్న ముల్లును మళ్ళీ కలవడానికి గంట చాలదు, ఈలోగా చిన్నది ముందుకు జరుగుతుంది గదా! అలాగే గ్రహం కూడా జరుగుతుంది గనక సుమారు 50 రోజులు పడుతుంది. 229 రోజుల ఏడాదిలో ఇలాంటి వేసవులు నాలుగున్నరకు కొంచెం పైన. పూర్ణసంఖ్య కాదు. కాబట్టి ఈ ఏడు రోహిణి పడ్డ రోజున వచ్చే ఏడు రోహిణి పడదు. అక్కడ కార్తెలు ప్రతి ఏడూ జరుగుతూనే ఉంటాయి.

ఇది విని నాన్న, "అయితే అక్కడ సేద్యం మన వల్ల కాదు" అని తేల్చేశాడు. నిజానికి ఆ గ్రహం చాలా వరకు వాయువులే. కాలు మోపడానికి గట్టి నేల లేదు. చలి కూడా సున్నాకి దిగువన 70 నుంచి 100 డిగ్రీల దాకా ఉంటుందని అంచనా.

పుట్టింది ఎక్కడ?

ఇలా రెండు నక్షత్రాలనూ చుట్టే గ్రహాలు పదికి పైగా దొరికాయి. కెప్లర్-47 అనే జంటకైతే ఏకంగా మూడున్నాయి. గమ్మత్తేమిటంటే వీటిలో చాలా భాగం ప్రమాదపు హద్దు దాటిన వెంటనే, గట్టు మీద నిలబడ్డట్టు ఉన్నాయి. కెప్లర్-16 గ్రహం దూరం, నక్షత్రాల మధ్య దూరానికి మూడు రెట్లే.

కాని అంత దగ్గర పుట్టడం కష్టం. గ్రహాలు దుమ్మూ రాళ్ళూ ఒకదానికొకటి అతుక్కుని పెరుగుతాయి. జంట నక్షత్రాల దగ్గర ఆ రాళ్ళు విపరీతమైన వేగంతో గుద్దుకుంటాయి గనక అతుక్కోవు, పిండి అవుతాయి. అందుచేత శాస్త్రజ్ఞులు ఎక్కువగా చెప్పే వివరణ ఇది: గ్రహం దూరంగా ప్రశాంతమైన చోట పుట్టింది, చుట్టూ ఉన్న వాయువుల పళ్ళెంలో నెమ్మదిగా లోపలికి జరిగింది, నక్షత్రాలు ఊడ్చేసిన ఖాళీ అంచుకి వచ్చి ఆగింది. నారు ఒక చోట పోసి, నాటు ఇంకో చోట వేసినట్టు. అంటే జంట నక్షత్రాల చుట్టూ అంతా బీడు కాదు, హద్దు దగ్గర మాత్రమే మొలక కష్టం.

ఇక ముందు

మనకు అతి దగ్గరి జంట ఆల్ఫా సెంటారి. రోహిణి కార్తెలో రాత్రి పదింటి వేళ దక్షిణ దిక్కున, దిగంతానికి కాస్త పైన పక్కపక్కనే రెండు ప్రకాశమైన చుక్కలు కనిపిస్తాయి. ఎడమవేపుది అదే. అక్కడి ఒక నక్షత్రం దగ్గర శనిగ్రహమంత గ్రహం ఆనవాలు జేమ్స్ వెబ్ దూరదర్శినికి చిక్కిందని 2025లో ప్రకటించారు. ప్రకటించే నాటికి అది రూఢి కాలేదు.

కెప్లర్-16 గ్రహం సంగతి చెప్పి ముగిస్తాను. దాని కక్ష్య మెల్లగా ఒరుగుతుండటం వల్ల 2018 నుంచి అది పెద్ద నక్షత్రం ముందు నుంచి దాటడం లేదు. అయినా అది అక్కడే ఉందని, దాని లాగుడుకి నక్షత్రం కదిలే తీరును బట్టి ఫ్రాన్సులోని 193 సెంటీమీటర్ల దూరదర్శినితో 2022లో నిరూపించారు. మళ్ళీ అది నక్షత్రం ముందుకి వచ్చేది 2042 ప్రాంతంలో. అప్పటికి మా క్లాసు వాళ్ళం నలభైకి దగ్గర పడతాం. ఆ నీడను కొలిచే వాళ్ళలో మన కాలేజీ వాళ్ళు ఒకరైనా ఉండాలని నా కోరిక.

— తృతీయ సంవత్సరం బి.ఎస్సీ. విద్యార్థి