ఇల్లు కొనే ముందు గోడకూ దూలానికీ పరీక్ష

"ఇల్లు కట్టి చూడు" అన్నారు పెద్దలు. డ్రెస్డెన్‌లో పాత ఇల్లు కొనదలచినవారు మాత్రం కొనకముందే చూపించుకోవాలి, అదీ భవన నిపుణునికి. జర్మనీలో క్రయపత్రానికి నోటరీ ధ్రువీకరణ తప్పనిసరి. కాని ఇంటి స్థితిని పరీక్షించడం నోటరీ బాధ్యత కాదు.

2002 ఆగస్టు 17న ఇక్కడ ఎల్బే నది నీటిమట్టం 9.40 మీటర్లకు చేరింది. వరద నీటిని పీల్చిన ఇసుకరాయి, ఇటుక గోడల్లో లవణాలు స్ఫటికాలై పూతను రాలుస్తాయి. కొత్త రంగు ఆ జాడను కొంతకాలం దాచగలదు. నిపుణుడు గోడ నుండి తీసిన పొడిని మూసిన పాత్రలో కాల్షియం కార్బైడుతో కలుపుతాడు. తేమతో ఎసిటిలీన్ వాయువు పుడుతుంది. దాని పీడనమే తేమ ఎంతో చెబుతుంది.

అటక దూలాలు మరొక సంగతి. తూర్పు జర్మనీ కాలంలో కలపను తొలిచే పురుగులకు వాడిన హైలోటాక్స్ 59లో డీడీటీ, లిండేన్ ఉండేవి. అటకను పిల్లల గదిగా మార్చదలచినవారు ముందు కలప నమూనాను ప్రయోగశాలకు పంపాలి.

సంతకానికి ముందు తెలిసిన లోపం బేరానికి పనికివస్తుంది. తరువాత తెలిసినది భారమే అవుతుంది.