ఒకే పేరు – రెండు వ్యాధులు

హైదరాబాదు పాతబస్తీలో చార్మినారుకు దక్షిణంగా శాలిబండ దాటితే లాల్‌దర్వాజా వస్తుంది. ఆషాఢమాసంలో సింహవాహిని మహంకాళి ఆలయం వద్ద జరిగే బోనాల వల్ల ఈ పేట పేరు తెలుగువారందరికీ సుపరిచితం. 1908లో మూసీ పొంగి నగరాన్ని ముంచెత్తినప్పుడు ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ మహారాజా కిషన్‌ప్రసాద్ సూచన మేరకు ఇక్కడి అమ్మవారిని ప్రార్థించాడని స్థానికులు చెప్పుకొంటారు. 'భోజనం' అనే ప్రకృతికి వికృతి 'బోనం'. కొత్తకుండలో పాలు, బెల్లం కలిపి వండిన అన్నం, కుండకు పసుపుకుంకుమలు, వేపమండలు, పైన దీపం – ఇదే బోనం. దానిని అమ్మవారికి సమర్పించేవరకు పచ్చిగంగయినా ముట్టని స్త్రీలు ఎందరో ఉంటారు.

ఆ పేటలోని ఒక ఇంటిని ఊహించుకోవచ్చు. అటువంటి ఇల్లు నగరంలో ఏ వీధిలోనైనా ఉండగలదు. ఆ ఇంటిలో నాయనమ్మకు అరవై అయిదేళ్ళు. మనుమరాలు జూనియర్ కళాశాలలో చదువుతున్నది. ఇద్దరికీ మధుమేహమే. నాయనమ్మకు అది యాభయ్యో ఏట బయటపడింది. ఉదయం ఒకటి, రాత్రి ఒకటి మాత్ర వేసుకొంటుంది. మనుమరాలికి తొమ్మిదో ఏటనే వచ్చింది. రోజుకు నాలుగుసార్లు ఇన్సులిన్ సూది వేసుకొంటుంది. ఇరుగుపొరుగువారి దృష్టిలో మాత్రం ఇద్దరిదీ ఒకే జబ్బు – 'షుగర్'. పాతబస్తీలో తెలుగు మాట్లాడే ఇంటిలోనూ, ఉర్దూ మాట్లాడే ఇంటిలోనూ ఇదే మాట. పేరు ఒకటే కనుక కారణమూ ఒకటే, పథ్యమూ ఒకటే అని లోకం భావిస్తుంది. కీడు ఇక్కడనే మొదలవుతుంది.

తిన్న ఆహారం జీర్ణమై గ్లూకోజు రూపంలో రక్తంలో కలుస్తుంది. అది శరీరకణాలకు శక్తిగా ఉపయోగపడాలంటే ఇన్సులిన్ అనే హార్మోను కావాలి. క్లోమగ్రంథిలోని బీటా కణాలు దానిని తయారుచేస్తాయి. మొదటి రకం మధుమేహంలో, శరీరాన్ని కాపాడవలసిన రోగనిరోధక వ్యవస్థే పొరబడి ఆ బీటా కణాలను నాశనం చేస్తుంది. కంచె చేను మేసినట్లన్నమాట. ఇక ఇన్సులిన్ ఉత్పత్తి దాదాపుగా ఆగిపోతుంది. రెండవ రకంలో ఇన్సులిన్ ఉంటుంది. కాని శరీరం దానికి సరిగా స్పందించదు. క్రమంగా ఉత్పత్తి కూడా తగ్గుతుంది. వంశపారంపర్యం, వయస్సు, స్థూలకాయం, శరీరశ్రమ లేకపోవడం దీనికి దోహదం చేస్తాయి. మొదటి రకం ఎక్కువగా బాల్య కౌమారాలలో కనిపించినా ఏ వయస్సులోనైనా రావచ్చు. భారతీయ వైద్య పరిశోధన మండలి సహకారంతో జరిగి 2023లో వెలువడిన అధ్యయనం దేశంలో 10 కోట్లకు పైగా మధుమేహులు ఉన్నారని అంచనా వేసింది. వారిలో అత్యధికులు రెండవ రకం వారే. అందువల్ల 'షుగర్' అనగానే జనం కళ్ళముందు నాయనమ్మ మెదలుతుంది గాని మనుమరాలు మెదలదు.

బిడ్డకు ఈ జబ్బు వచ్చిందని తెలియగానే తల్లి మొదట వినే మాట, "చిన్నప్పుడు చాక్లెట్లు ఎక్కువ పెట్టినవా?" అన్నది. మొదటి రకం మధుమేహం తీపి తినడం వల్ల వచ్చేది కాదు. తల్లి పెంపకంలో లోపం వల్ల వచ్చేదీ కాదు. అయినా ఆ నింద ఆమెను ఏళ్ళ తరబడి వెన్నాడుతుంది. "సూది మొదలుపెడితే ఇక ఆఖరిదశే" అన్నది మరొక అపోహ. మొదటి రకం వారికి తొలిరోజు నుండే సూది తప్పదు. ఇన్సులిన్ ఒక ప్రోటీను. మాత్రగా మింగితే అన్నంలోని ప్రోటీనువలె కడుపులో జీర్ణమైపోతుంది. ఈ అపోహ నాయనమ్మనూ విడిచిపెట్టదు. రేపు వైద్యుడు ఆమెకు ఇన్సులిన్ అవసరమని చెబితే, ఆ భయంతోనే వద్దని మొండికేస్తుంది.

అన్నింటికంటె ప్రమాదకరమైనది సూది మాన్పించే సలహా. కాకరరసం, నేరేడుగింజల పొడి, మెంతులు – ఎవరికి తోచినది వారు చెబుతారు. హైదరాబాదు తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ మెంతులపై పరిశోధనలు జరిపి, అవి రక్తంలోని చక్కెరను కొంత తగ్గిస్తాయని తెలిపిన మాట నిజమే. కాని చక్కెరను కొంత తగ్గించడం వేరు, అసలే లేని ఇన్సులిన్ స్థానాన్ని భర్తీ చేయడం వేరు. మొదటి రకం వారు ఇన్సులిన్ మానివేస్తే ఒకటి రెండు రోజులలోనే శరీరం కొవ్వును కరిగించుకొని ఆమ్లాలను పుట్టిస్తుంది. విపరీతమైన దాహం, వాంతులు, కడుపునొప్పి, ఆయాసం, ఊపిరిలో పండిన పండు వంటి వాసన దాని లక్షణాలు. కడుపు చెడిందనో, దిష్టి తగిలిందనో ఇంటిలోనే కాలయాపన చేస్తే ప్రాణం దక్కదు. ఆ గడియలో మూసీ ఆవలి ఉస్మానియా వంటి పెద్దాసుపత్రికి చేర్చడమే శరణ్యం.

ఈ వ్యాధిగ్రస్తులలో భేదం ఉన్నదని మన ప్రాచీనులు గుర్తించకపోలేదు. సుశ్రుత సంహిత చికిత్సాస్థానం ప్రమేహాన్ని సహజమని, అపథ్యనిమిత్తజమని రెండుగా విభజించింది. మొదటిది పుట్టుకతో సంక్రమించేది, రెండవది ఆహారవిహార దోషాల వల్ల కలిగేది. మొదటి రకం రోగి కృశించి ఉంటాడు, దప్పికతో బాధపడతాడు. రెండవవాడు స్థూలకాయుడు, తిండి నిద్రలయందు ఆసక్తి గలవాడు. కృశించినవానికి పుష్టినిచ్చే ఆహారంతోను, స్థూలునికి శరీరాన్ని తేలికపరచే పద్ధతులతోను చికిత్స చేయాలని ఆ గ్రంథం విధించింది. నేటి విభజన యావత్తూ అందులోనే ఉన్నదనడం అతిశయోక్తి. బీటా కణాలు సుశ్రుతునికి తెలియవు, ఇన్సులిన్ అంతకన్నా తెలియదు. అయినప్పటికీ ఇద్దరు రోగులను ఎదుట నిలబెట్టి చూసిన వైద్యుడు ఇద్దరికీ ఒకే పథ్యం చెప్పలేదు. నేటి వీధి అరుగులపై ఆ వివేకం కొరవడింది.

ఇన్సులిన్ రాకపూర్వం పాశ్చాత్య వైద్యులకు సైతం తెలిసిన ఉపాయం ఒక్కటే – పస్తు. పిల్లలకు గుక్కెడు గంజివంటి ఆహారమిచ్చి, వారు ఎముకలగూడులై మరికొన్ని నెలలు బ్రతికేటట్లు చూసేవారు. 1921లో కెనడాలోని టొరంటో విశ్వవిద్యాలయంలో ఫ్రెడరిక్ బాంటింగ్, ఛార్లెస్ బెస్ట్‌లు మెక్లియోడ్ ఆచార్యుని ప్రయోగశాలలో పశువుల క్లోమం నుండి ఈ పదార్థాన్ని రాబట్టే ప్రయత్నం ప్రారంభించారు. 1922 జనవరిలో పద్నాలుగేళ్ళ లియొనార్డ్ థామ్సన్ అనే బాలునికి మొదటి సూది వేశారు. ఆ మందు శుద్ధంగా లేక ఫలితం అంతంత మాత్రమైంది. కాలిప్ అనే రసాయనవేత్త శుద్ధిచేసిన మందును అదే నెలలో మళ్ళీ ఇవ్వగా బాలుడు కోలుకొన్నాడు. మరి పదమూడేళ్ళు జీవించాడు. ఆవిష్కర్తలు పేటెంటు హక్కును ఒక్కొక్క డాలరుకే విశ్వవిద్యాలయానికి ధారాదత్తం చేశారు. బాంటింగ్ పుట్టినరోజైన నవంబరు 14 ప్రపంచ మధుమేహ దినం. మన దేశంలో అదే బాలల దినోత్సవం కావడం కాకతాళీయమే.

బాలికకు ఇరుగుపొరుగువారు "అన్నం మానెయ్ బిడ్డా" అని చెప్పే హితం ఆ పస్తుల కాలానిదే. ఆమె మానవలసింది అన్నం కాదు. ఎంత అన్నానికి ఎంత ఇన్సులిన్ అన్నదే ఆమె లెక్క. పొద్దున వేలి కొసను గుచ్చి నెత్తుటిబొట్టుతో చక్కెర చూసుకొంటుంది. పరీక్ష ఉన్ననాడు, జ్వరం వచ్చిననాడు, ఆటలాడిననాడు ఆ లెక్క మారుతుంది. కరెంటు పోతే మందు పాడవుతుందేమోనన్న బెంగ ఒకటి. ఫ్రిజ్ లేని ఇళ్ళలో తడి ఇసుక నింపిన మట్టికుండ నడుమ చిన్నకుండలో మందును భద్రపరచడం ఉన్నదే. తరగతిలో సూది తీయడానికి సిగ్గుపడి మధ్యాహ్నభోజనం మానుకొనే పిల్లలూ ఉంటారు. "రేపు పెండ్లి ఎట్ల?" అన్న ప్రశ్న ఆడపిల్లకే ఎదురవుతుంది, మగపిల్లవానికి అంతగా ఎదురుకాదు.

బోనాల ఆదివారం వచ్చింది. వైద్యుని సలహా ప్రకారం బాలిక ఉదయం సూది వేసుకొని ఉప్మా తిన్నది. అమ్మవారికి పెట్టకముందే ఎంగిలిపడటం నాయనమ్మకు మనస్కరించలేదు. "ఎన్నడన్న విన్నమా?" అని గొణిగింది గాని అడ్డుచెప్పలేదు. వరుస చాలా పొడవుగా ఉన్నది. తలపై బోనం, పైన ఎండ, పక్కన డప్పుల మోత. గంటన్నర గడిచేసరికి బాలిక చేతులు వణకసాగాయి, నుదుట చెమట పట్టింది, చూపు మసకబారింది. ఇన్సులిన్ తన పని తాను చేస్తూనే ఉన్నది. తిన్నది నడకకు, ఎండకు అరిగిపోయింది. తల్లి బోనాన్ని అందుకొన్నది. యంత్రంలో చూస్తే 62 అని వచ్చింది. డెబ్బైకి తగ్గితే ఆలస్యం చేయకూడదని ఇంటిల్లిపాదికీ తెలుసు. నాయనమ్మ కొంగుముడి విప్పి, మూడు చెంచాల గ్లూకోజుపొడి ఉన్న పొట్లం తీసి మనుమరాలి నోట్లో పోసింది.

వెనుక నిలబడిన స్త్రీ విస్తుపోయింది. "షుగర్ ఉన్న పిల్లకు చక్కెర పోస్తున్నవా అవ్వా?"

"దాని షుగర్ వేరు, నా షుగర్ వేరు బిడ్డా. గిప్పుడు పొయ్యకుంటె పడిపోతది" అన్నది నాయనమ్మ.

పదిహేను నిమిషాల తరువాత చూస్తే 96. బాలిక రెండు బిస్కెట్లు తిని, బోనాన్ని మళ్ళీ తలకెత్తుకొన్నది. సాయంత్రం ప్రసాదం పంచినప్పుడు ఆమె తన పాలు ఎంతో కొలుచుకొని, దానికి తగిన ఇన్సులిన్ వేసుకొని బెల్లపన్నం తిన్నది. నాయనమ్మ ఒక్క మెతుకు కళ్ళకద్దుకొని నోట్లో వేసుకొని, తక్కినది మనుమరాలి తమ్మునికి ఇచ్చింది.