వలస కథ చదివే పిల్లల పక్కన

"చూశావా, వాళ్లెన్ని కష్టాలు పడ్డారో! నీకు అన్నీ అమర్చిపెడుతున్నా ఏడుపే." సొంత గడ్డ విడిచి కొత్త ఇల్లు వెతుక్కున్న కుటుంబాల కథ పిల్లలు చదువుతున్నప్పుడు మనలో చాలామంది నోటికి వచ్చే మాట ఇది. దయచేసి అనకండి. అప్పటిదాకా కథలో తనతో కలిసి నడిచిన అమ్మాయి, ఆ మాటతో మీరు పోల్చి చూపించే పక్కింటి మంచిపిల్ల అయిపోతుంది. ఇక ఆ పుస్తకం మీద ఇష్టం ఎలా ఉంటుంది?

పామ్ మునోజ్ రయన్ తన అమ్మమ్మ జీవితం ఆధారంగా రాసిన ‘ఎస్పెరాంజా రైజింగ్’ (2000) చూడండి. మెక్సికోలో జమీందారు బిడ్డగా పెరిగిన ఎస్పెరాంజా, తండ్రి హత్యకు గురై, ఇల్లు కాలిపోయాక, తల్లితో కాలిఫోర్నియాలోని పొలం కూలీల శిబిరానికి చేరుతుంది. ఊడవమంటే ఆ పిల్లకి చీపురు పట్టుకోవడమే రాదు. చూసినవాళ్లు నవ్వుతారు. మీ పాప ఆ పేజీ దగ్గర ఆగిపోతే ఆగనివ్వండి. కొత్త బడిలో తనకు రాని పని చేయమన్న రోజేదో గుర్తొచ్చి ఉంటుంది. చెప్పాలనిపించినప్పుడు తనే చెబుతుంది.

అదే పుస్తకంలో, సమ్మె చేసిన మెక్సికన్లను, అమెరికాలోనే పుట్టినవాళ్లతో సహా, బస్సులెక్కించి సరిహద్దు దాటించే ఘట్టం ఉంది. 1930లలో నిజంగానే అలా జరిగింది. అమెరికాలో ఉన్న తెలుగు ఇళ్లలో, పెద్దలు వీసా గురించి, గ్రీన్‌కార్డు గురించి గొంతు తగ్గించి మాట్లాడుకోవడం వినే పిల్లలకు ఇది పాత కథగా అనిపించదు. "మనల్నీ పంపేస్తారా నాన్నా?" అని అడుగుతారు. "ఛ, అలాంటివి మాట్లాడకు" అని కొట్టిపారేయకండి. మీ పరిస్థితి ఏమిటో వయసుకు తగినట్టు చెప్పండి, ఎక్కడికి వెళ్లినా అందరం కలిసే వెళతామని చెప్పండి. పిల్లలకు కావలసింది ఆ రెండో మాటే.

మన దేశపు కథే కావాలంటే వీరా హీరానందాని రాసిన ‘ది నైట్ డైరీ’ (2018) ఉంది. 1947లో దేశ విభజన వేళ మీర్‌పూర్ ఖాస్ నుంచి జోధ్‌పూర్ దాకా సాగే ప్రయాణం. పన్నెండేళ్ల నిషా తండ్రి హిందువు, చనిపోయిన తల్లి ముస్లిం. తాను ఎటువైపు మనిషో ఆ పిల్లకి తెలియదు. దప్పికా, కత్తి దూసిన మనిషీ ఉన్న కథ కాబట్టి ముందు మీరు చదవండి. పదేళ్లలోపు పిల్లలైతే పక్కన కూర్చుని చదివించండి.

ఇంకొక్క విషయం. కొత్త ఇల్లు కట్టుకున్న చోట అంతకుముందు ఎవరున్నారో కూడా పిల్లలకు తెలియాలి. లారా ఇంగాల్స్ వైల్డర్ ‘లిటిల్ హౌస్ ఆన్ ది ప్రెయిరీ’ (1935)లో ఆ కుటుంబం గుడిసె వేసుకున్నది ఓసేజ్ తెగవారి నేల మీద. మొదటి ముద్రణలో అక్కడ మనుషులే లేరనే అర్థం వచ్చేలా ఉన్న వాక్యాన్ని 1953లో మార్చారు. ఆ పుస్తకం మానేయమని నేననను, అందులో తండ్రీ కూతుళ్ల మమకారం నిజమైనది. కానీ దానితో పాటే లూయీజ్ ఎర్‌డ్రిక్ ‘ది బర్చ్‌బార్క్ హౌస్’ (1999) కూడా ఇవ్వండి. 1847 నాటి ఒజిబ్వే అమ్మాయి కథ అది. రెండూ చదివిన పిల్లలు అడిగే ప్రశ్నలు మనల్ని ఇబ్బంది పెడతాయి. పెట్టనివ్వండి.

ఇవన్నీ ఇంగ్లిషు పుస్తకాలే. చదవలేని చిన్నవాళ్లకు రాత్రిపూట తెలుగులో కథగా చెప్పండి. మన వలసలూ తక్కువేం కాదు: 1942లో జపాన్ దాడికి బర్మా వదిలి కాలినడకన బయల్దేరినవాళ్లలో తెలుగువాళ్లూ ఉన్నారు, విశాఖపట్నంలో బర్మా క్యాంపు అనే పేటే ఉంది. మీ ఇంట్లోనో బంధువుల్లోనో అలా ఊరు మారి వచ్చిన పెద్దలుంటే, ఈ సెలవుల్లో పిల్లల్ని వాళ్ల దగ్గర కూర్చోబెట్టండి.