కొంగల వెంట కెమెరా.. జీతం ఎక్కడి నుంచి?

ఇంటర్ తర్వాత ఏం చేస్తావని అడిగితే వైల్డ్‌లైఫ్ ఫొటోగ్రాఫర్ అవుతానని చెప్పే పిల్లలు కర్నూలు జిల్లాలో నందవరం, ఎమ్మిగనూరు, ఆదోని వైపు కూడా ఉన్నారు. వాళ్లకు ముందే ఒక మాట చెప్పాలి. ఉత్త పక్షి ఫొటోలు అమ్ముకుని బతికేవాళ్లు దేశం మొత్తంలో చాలా తక్కువ. జీతం తెచ్చేది పక్షి గురించి మీకున్న తెలివిడి. కెమెరా దానికి తోడు మాత్రమే.

ఆ తెలివిడికి దూరం పోనక్కర్లేదు. డిసెంబరు, జనవరి తెల్లవారుజామున నాగలదిన్నె దగ్గర తుంగభద్ర ఒడ్డుకు వెళ్లండి. నీళ్లలో కదలకుండా నిలబడే బూడిదరంగు నారాయణపక్షి కొత్తవాళ్లకు మంచి గురువు. వెలుతురు చాలకపోయినా ట్రైపాడ్ మీద సెకనులో 125వ వంతు షటర్‌తో పనవుతుంది. అది చేపను పొడిచే క్షణం కావాలంటే మాత్రం 2000వ వంతుకు పోవాలి, అంటే ఎండ రావాలి. మరీ ఆలస్యమైనా కష్టమే. పొద్దెక్కితే నల్లరేగడి పొలాల మీద గాలి వేడెక్కి అల్లాడుతుంది, అప్పుడు ఎంత ఖరీదైన లెన్సులోనైనా బొమ్మ పదును పోతుంది. నల్లటి నీళ్ల ముందు తెల్లకొంగ ఉంటే కెమెరా మీటరు మోసపోయి ఈకలు సున్నం కొట్టినట్టు వస్తాయి, ఎక్స్‌పోజర్ తగ్గించాలి. పొగమంచులో దీనికి తిరగేసి, కొంచెం పెంచాలి. చలికి బ్యాటరీ చచ్చిపోతుందని యూట్యూబులో భయపెట్టేవాళ్లు లడఖ్ చలి గురించి చెబుతున్నారు. మన చలికి అంత సీను లేదు.

గుడ్లగూబల్లో పైడికంటెతో మొదలుపెట్టండి. పాత చెట్టు తొర్రలో ఉంటుంది, చలికాలం పొద్దున తొర్ర అంచున కూర్చుని ఎండ కాచుకుంటుంది. గుట్టల బండల మధ్య ఉండే కొమ్ముల గుడ్లగూబ జోలికి మాత్రం ఈ నెలల్లో వెళ్లకండి, అది గుడ్లు పెట్టే కాలం. ఫ్లాష్ కొట్టడం, ఫోన్లో కూత పెట్టి రప్పించడం వద్దు. తొర్ర ఎక్కడుందో ఇన్‌స్టాగ్రామ్‌లో అసలే పెట్టొద్దు. దీపావళి పూజల పేరుతో గుడ్లగూబలను పట్టి అమ్మేవాళ్లు కూడా అవి చూస్తారు.

చేయి తిరిగాక రక్షిత ప్రాంతాలకు వెళ్లొచ్చు. ఆదోనిలో రైలెక్కి గుంతకల్లు, బళ్లారి మీదుగా కర్ణాటకలోని హొసపేట చేరితే, అక్కడి నుంచి హగరిబొమ్మనహళ్లి వైపు అంకసముద్రం చెరువు ఉంది. నీళ్లలోని తుమ్మచెట్ల నిండా కొంగల గూళ్లే. 2024లో దానికి అంతర్జాతీయ ప్రాముఖ్యమున్న చిత్తడి నేలగా రామ్‌సర్ గుర్తింపు వచ్చింది. మన రాష్ట్రంలోనే అంటే తిరుపతి జిల్లాలో నేలపట్టు పక్షుల అభయారణ్యం ఉంది. అభయారణ్యంలో ఫొటోలకు అటవీ శాఖ అనుమతి కావాలని 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం చెబుతోంది. బతిమాలి లోపలికి దూరే అలవాటు చేసుకోకండి.

ఇక రాబడి. స్థానికుల తెలివిడికి ఎంత విలువో చెప్పే సంగతి ఒకటుంది. 1986లో కడప జిల్లాలో, అంతరించిపోయిందనుకున్న కలివికోడి అనే పక్షి మళ్లీ వెలుగులోకి వచ్చింది. వెతుకుతూ వచ్చింది బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ శాస్త్రవేత్త భరత్ భూషణ్, పట్టి చూపించింది స్థానిక వేటగాడు ఐతన్న. పరిశోధన సంస్థలకు ఇప్పటికీ ఇలాంటి స్థానికుల అవసరం ఉంది. జువాలజీతో డిగ్రీ చేసి, పక్షుల్ని గుర్తుపట్టి, పనికొచ్చే ఫొటో తీయగలిగితే కోయంబత్తూరు సలీం అలీ కేంద్రం లాంటి చోట్ల ఫీల్డ్ ప్రాజెక్టులకు ప్రయత్నించొచ్చు. పీజీకి దెహ్రాదూన్ వైల్డ్‌లైఫ్ ఇన్‌స్టిట్యూట్, బెంగళూరులో జీవశాస్త్ర పరిశోధన సంస్థ ఎన్‌సీబీఎస్ ఉన్నాయి. ఫొటోగ్రఫీనే చదవాలంటే హైదరాబాద్‌లోని ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయం జేఎన్‌ఏఎఫ్‌ఏయూలో బీఎఫ్‌ఏ ఉంది, ఫాడీ ఎంట్రన్స్ రాయాలి. యూనిఫాం ఇష్టమైతే ఏపీపీఎస్సీ అటవీ శాఖ నోటిఫికేషన్లు చూస్తుండండి. ఈలోగా పెళ్లి ఫొటోలు తీయడం చిన్నతనమేమీ కాదు, చాలామందికి లెన్సు కొనిపెట్టింది అవే.

ఇప్పటికిప్పుడు చేయగలిగింది ఒకటుంది. గుడ్లగూబ తొర్రలవి తప్ప, తీసిన ప్రతి ఫొటోనూ తేదీ, చోటు, పక్షుల సంఖ్యతో పక్షుల వివరాలు నమోదుచేసే వెబ్‌సైట్ ఈబర్డ్‌లో పెట్టండి, మీ రెజ్యూమేకు అదే బలం. ఏటా జనవరిలో ఆసియా నీటిపక్షుల గణన జరుగుతుంది. గాజులదిన్నె జలాశయానికి ఎవరైనా వెళ్తున్నారేమో డిసెంబరులోనే కర్నూలు అటవీ శాఖ ఆఫీసులో కనుక్కోండి, లేకపోతే మీరే నలుగురు కలిసి ఆ లెక్క చేపట్టండి.