జీపు జీర్ణోద్ధరణ

ఉద్దేశం: రెండో ప్రపంచ యుద్ధ కాలపు సైనిక జీపును ఆధారంగా చేసుకొని, పాత యంత్రాన్ని బాగుచేసేటప్పుడు ఏది మార్చాలో, ఏది మార్చకూడదో నిర్ణయించే వివేకాన్ని విద్యార్థులకు పరిచయం చేయడం.

తిరుపతి జిల్లా తూర్పు అంచున, తమిళనాడు సరిహద్దును ఆనుకొని పులికాట్ సరస్సు విస్తరించి ఉంది. శ్రీహరికోట దీవి దానికీ బంగాళాఖాతానికీ నడుమ గోడవలె నిలిచింది. శీతకాలంలో ఫ్లెమింగో పక్షులను చూడవచ్చే వారికి అక్కడి గాలి ఆహ్లాదకరమే గాని, ఇనుముకు మాత్రం అది శత్రువు. సముద్రపు గాలి మోసుకొచ్చే ఉప్పు లోహంపై పేరుకొని తేమను పీల్చుకుంటుంది. ఆ ఉప్పునీటి పొర తుప్పు పట్టే రసాయన చర్యను వేగిరపరుస్తుంది. పైగా తుప్పు తాను తిన్న ఇనుముకంటె ఎక్కువ చోటును ఆక్రమిస్తుంది. అందుకే ఒకప్పుడు వేలితో తిప్పితే తిరిగిన నట్టు కొన్నేళ్లకు పానాకు కూడా లొంగదు. ఇటువంటి తీరంలో పాత వాహనాన్ని నిలుపుకోదలచిన వారు మొదట గ్రహించవలసిన సంగతి ఇది.

పాత సైనిక వాహనాలలో జీపు చరిత్ర విశిష్టమైనది. 1940లో అమెరికా సైన్యం తేలికపాటి వాహనం కావాలని కోరగా బాంటమ్ సంస్థ తొలి నమూనాను సిద్ధం చేసింది. తరువాత విల్లీస్, ఫోర్డ్ సంస్థలు 1945 వరకు ఆరు లక్షలకు పైగా జీపులను నిర్మించాయి. 1942 ఏప్రిల్ 6న విశాఖపట్నం, కాకినాడలపై జపాను బాంబులు పడినప్పుడు ఆ యుద్ధం తెలుగువారి గుమ్మం దాకా వచ్చింది. తూర్పు రణరంగాలకు తరలివచ్చిన జీపులలో కొన్ని యుద్ధానంతరం ఈ దేశంలోనే మిగిలిపోయాయి. 1940ల చివర మహీంద్రా సంస్థ బొంబాయిలో విల్లీస్ జీపుల కూర్పును ఆరంభించింది.

ఈ జీపుకు గుండె వంటిది నాలుగు సిలిండర్ల పెట్రోలు ఇంజను. దాని పరిమాణం 2.2 లీటర్లు, బలం 60 అశ్వశక్తి. ఏళ్ల తరబడి కదలక నిలిచిన ఇంజనులో పిస్టన్లు సిలిండరు గోడలకు పట్టేస్తాయి. అటువంటి బండిని మరొక బండికి కట్టి లాగి, ఇంజనును తిప్పజూడడం అవివేకం, రింగులు విరుగుతాయి. నేర్పరి అయిన మెకానిక్కు స్పార్కు ప్లగ్గులను విప్పి, ఆ రంధ్రాలలో పలుచని నూనె పోసి కొన్ని రోజులు నాననిస్తాడు. తరువాత ముందుభాగంలోని హ్యాండిలుపై కొద్దికొద్దిగా బలం ప్రయోగిస్తాడు. ఈ పనిలో ఓర్పును మించిన పనిముట్టు లేదు. ఇంజను కదిలిన పిమ్మట దానిని విప్పి ప్రతి భాగాన్నీ కొలుస్తాడు. సిలిండరు అరిగి ఉంటే బోరు చేయించి, ఆ కొలతకు తగిన పెద్ద పిస్టన్లను అమరుస్తాడు. బేరింగులు, గ్యాస్కెట్లు, ఆయిల్ సీళ్లు ఎలాగూ కొత్తవే వేయాలి. బోల్టుల విషయంలో మాత్రం జాగ్రత్త అవసరం. ఈ జీపు బోల్టుల మరలు అంగుళాల లెక్కవి. మిల్లీమీటర్ల బోల్టును బలవంతంగా బిగిస్తే ఇంజను దిమ్మలోని మర చెడిపోతుంది. నేటి పెట్రోలులో కలుస్తున్న ఇథనాల్ పాత రబ్బరు గొట్టాలను పాడుచేస్తుంది గనుక వాటినీ మార్చాలి.

బ్రేకుల దగ్గర మమకారానికి తావు లేదు. జీపు నాలుగు చక్రాల బ్రేకులకూ ఒక్కటే మాస్టరు సిలిండరు, ఒక్కటే ద్రవమార్గం. ఎక్కడ కారినా నాలుగు బ్రేకులూ ఒక్కసారిగా విఫలమవుతాయి. బ్రేకు ద్రవం తేమను పీల్చుకొనే గుణం కలది. అందువల్ల గొట్టం లోపలినుంచే తుప్పు పడుతుంది. పైకి నిగనిగలాడుతున్నదని నమ్మరాదు.

మరి ఇన్ని మార్చిన తరువాత మిగిలినది పాత జీపేనా? 1516లో శ్రీకృష్ణదేవరాయలు కట్టించిన శ్రీకాళహస్తి రాజగోపురం 2010 మే 26న కూలిపోయింది. దాని స్థానంలో నిర్మించిన గోపురానికి 2017లో కుంభాభిషేకం జరిగింది. అది భక్తులకు పూజనీయమే. కాని దానిని రాయలనాటి కట్టడమని ఎవరూ అనరు. జీపు విషయంలోనూ చాసిస్, ఇంజను దిమ్మ, వాటిపై చెక్కిన సంఖ్యలు దాని ఆనవాళ్లు. ఫోర్డ్ సంస్థ తన జీపుల బోల్టులపై సైతం ‘ఎఫ్’ అనే అక్షరాన్ని ముద్రించింది. రెండు సంస్థల భాగాలూ ఒకదానికొకటి సరిపోయేవి గనుక సైనిక మరమ్మతు శాలలలోనే అవి కలగలిసిపోయాయి. ఆ కలగలుపు కూడా చరిత్రే. దానిని చెరిపి అంతా ఒకే సంస్థ భాగాలతో ‘శుద్ధి’ చేయాలన్న ఉత్సాహం మెచ్చదగినది కాదు.

తాళపత్రంలో చెదలు తిన్న చోట మంచి పరిష్కర్త తన సొంత కవిత్వాన్ని చొప్పించడు. ఖాళీని ఖాళీగానే చూపుతాడు. యంత్రంలో ఆ సౌకర్యం లేదు. పళ్లు ఊడిన గేరు స్థానంలో మరొకటి పెట్టక తప్పదు. అయితే ఏది కొత్తదో, ఎప్పుడు వేసినదో పుస్తకంలో రాసిపెట్టడం, తీసిన భాగాన్ని భద్రపరచడం సాధ్యమే. మన దేశంలో చాలా జీపులకు, ఖర్చు తగ్గుతుందని, డీజిలు ఇంజన్లు అమర్చారు. రోజూ బరువు మోసి పొట్ట పోసుకొనే వారిని అందుకు తప్పుపట్టలేము. కాని చరిత్ర కోసం నిలబెట్టే జీపులో ఆ మార్పు చేసి దానిని యుద్ధకాలపు వాహనంగా చూపడం అసత్యమవుతుంది.

నడవవలసిన అవసరం లేని యుద్ధ యంత్రాల రక్షణ వేరొక రకం. 1969లో భారత నౌకాదళంలో చేరి, 2001లో విరమించిన ఐ.ఎన్.ఎస్. కురుసుర జలాంతర్గామి 2002 నుండి విశాఖ సాగరతీరంలో ప్రదర్శనశాలగా ఉంది. సముద్రంలో మునిగి తేలిన ఆ నౌకను ఒడ్డున కూడా ఉప్పుగాలి వదలలేదు. తుప్పుపట్టిన పలకలను 2007లో మార్చవలసి వచ్చింది. అక్కడ కాపాడవలసినది ఆకృతిని. జీపును మాత్రం అప్పుడప్పుడు నడపాలి. నూనె భాగాలన్నిటికీ అందాలి. తీరప్రాంతపు దారిలో తిరిగివచ్చిన ప్రతిసారీ దాని అడుగుభాగాన్ని మంచినీటితో కడిగి, ఆరిన పిమ్మటే షెడ్డులో పెట్టాలి.

పదాలు – అర్థాలు
జీర్ణోద్ధరణ = శిథిలమైన దానిని బాగుచేయడం
పరిష్కర్త = ప్రతులను పోల్చి గ్రంథాన్ని సరిదిద్దేవాడు
మమకారం = నాది అనే ప్రీతి

ప్రశ్నలు
1. పట్టేసిన ఇంజనును కదిలించే విధానాన్ని వివరించండి.
2. గ్రంథ పరిష్కరణకు, యంత్ర పునరుద్ధరణకు గల పోలికను, భేదాన్ని తెలపండి.