దెబ్బ తగిలితే స్కాన్ ఎప్పుడు తీయాలి? మీ హక్కులేమిటి?

ఇంట్లో ఎవరికైనా దెబ్బ తగిలితే ఒకరు "ఎందుకైనా మంచిది, స్కాన్ తీయించేయండి" అంటారు. ఇంకొకరు "వాపేగా, పసుపు పట్టేస్తే పోతుంది" అంటారు. స్కాన్ కావాలో వద్దో తేల్చడానికి డాక్టర్ల దగ్గర పరీక్షించి పెట్టుకున్న నియమాలున్నాయి. డబ్బు, పోలీసు కేసు, రిపోర్టుల విషయంలో రోగికి హక్కులూ ఉన్నాయి. తరచూ ఎదురయ్యే ప్రశ్నలకు జవాబులివి.

1. కాలు మడతపడి చీలమండ వాచింది. ఎక్స్‌రే తప్పదా?

వాపు ఒక్కటే చూసి ఎక్స్‌రే తీయరు. కెనడాలోని ఒట్టావాలో డాక్టర్ ఇయాన్ స్టీల్ బృందం 1992లో ప్రకటించిన నియమాలను చాలా దేశాల్లో పాటిస్తున్నారు. చీలమండకు రెండు పక్కలా ఉబ్బెత్తుగా ఉండే ఎముకల కొననో, వెనక అంచునో నొక్కితే నొప్పి పుడుతోందా? పడిన వెంటనే, ఆస్పత్రికి వచ్చాక, రెండుసార్లూ నాలుగడుగులు కూడా వేయలేకపోయారా? ఈ రెండింటిలో ఏది ఉన్నా ఎక్స్‌రే తీయాలి. కుంటుతూ అడుగు వేసినా వేసినట్టే లెక్క. రెండూ లేకపోతే ఎముక విరిగి ఉండే అవకాశం చాలా తక్కువ. అయితే మత్తులో ఉన్నవారికి, షుగర్ వల్ల పాదాల్లో స్పర్శ తగ్గినవారికి నొప్పి సరిగా తెలియదు. వారి విషయంలో ఈ నియమాన్ని నమ్ముకోకూడదు.

2. బండి మీంచి పడ్డారు. తలకు గాయం పైకి కనిపించడం లేదు. సీటీ స్కాన్ అవసరమా?

రక్తం కారిందా లేదా అన్నది ఇక్కడ కొలత కాదు. కాసేపు స్పృహ తప్పినా, జరిగింది గుర్తులేకపోయినా, తికమకగా మాట్లాడినా ముందు ఆస్పత్రికి తీసుకెళ్లాలి. అలాంటివారికి రెండుసార్లో అంతకన్నా ఎక్కువో వాంతులైతే, వయసు 65 గానీ అంతకన్నా ఎక్కువ గానీ అయితే, రెండు గంటలైనా పూర్తి తెలివిలోకి రాకపోతే సీటీ తీయాలని 2001 నాటి కెనడా నియమాలు చెబుతాయి. చెవి నుంచి రక్తం, ముక్కు నుంచి నీళ్లలాంటి ద్రవం రావడం, కళ్ల చుట్టూ నల్లగా కమలడం పుర్రె అడుగు భాగం చిట్లిందనడానికి సూచనలు. రక్తం పలుచబడే మాత్రలు వాడేవారైతే ఆ సంగతి డాక్టరుకు ముందే చెప్పండి. వారికి చిన్న దెబ్బకే స్కాన్ అవసరం పడవచ్చు.

3. చంటిపిల్ల మంచం మీంచి పడింది. వెంటనే స్కాన్ తీయించాలా?

చాలామందికి అక్కర్లేదు. అమెరికాలో 42 వేల మందికి పైగా పిల్లలను పరిశీలించి 2009లో ఇందుకు నియమాలు ప్రకటించారు. పాప వెంటనే ఏడ్చి, తర్వాత ఎప్పటిలా ఆడుకుంటూ, నుదుటి మీద బొప్పి తప్ప ఏమీ లేకపోతే సాధారణంగా కనిపెట్టుకుని ఉంటే చాలు. రెండేళ్లలోపు పిల్లలకు తల వెనకో పక్కనో బొప్పి కట్టినా, మూడడుగుల కన్నా ఎత్తు నుంచి పడినా, తల్లి కంటికి బిడ్డ తేడాగా అనిపించినా డాక్టరుకు చూపించాలి. తల సీటీలో సుమారు 2 మిల్లీసీవర్టుల రేడియేషన్ అందుతుంది. ప్రకృతి నుంచి మనిషికి ఏడాదిలో సగటున అందేది దాదాపు 2.4. పిల్లల మీద రేడియేషన్ ప్రభావం ఎక్కువ కాబట్టే డాక్టర్లు ఆచితూచి స్కాన్ రాస్తారు. చేతికో కాలికో తీసే ఎక్స్‌రేలో అందేది దీనికన్నా ఎన్నో రెట్లు తక్కువ.

4. ఎక్స్‌రేలో ఏమీ లేదన్నారు. నొప్పి మాత్రం తగ్గలేదు. ఏం చేయాలి?

మళ్లీ వెళ్లాలి. అరచేయి ఆన్చి పడినప్పుడు మణికట్టులో బొటనవేలి వైపు ఉండే చిన్న ఎముక చిట్లితే మొదటి రోజు ఎక్స్‌రేలో కనిపించకపోవచ్చు. అనుమానం ఉంటే కట్టు వేసి, 10 నుంచి 14 రోజుల తర్వాత మళ్లీ తీస్తారు, లేదా ఎమ్మారై రాస్తారు.

5. విరిగిన ఎముకకు నాటువైద్యంలో వేసే పుత్తూరు కట్టు కట్టించుకోవాలనుకుంటున్నాం. ఎక్స్‌రే కావాలా?

కావాలి. ఎముక ఎక్కడ, ఎలా విరిగిందో, కీలులోకి చీలిక వెళ్లిందో లేదో చేత్తో తడిమితే పూర్తిగా తెలియదు. ఎముక చర్మం చీల్చుకుని బయటికొస్తే నేరుగా ఆస్పత్రికే వెళ్లాలి. ఏ కట్టైనా సరే, కట్టాక వేళ్లు చల్లబడినా, నల్లబడినా, తిమ్మిరెక్కినా, నొప్పి పెరిగిపోతున్నా వెంటనే విప్పించాలి.

6. గర్భిణికి దెబ్బ తగిలితే?

గర్భమని ముందే చెప్పాలి. అల్ట్రాసౌండ్‌లో రేడియేషన్ ఉండదు. ప్రాణాపాయం అనుమానం ఉంటే మాత్రం సీటీని గర్భం పేరుతో ఆపకూడదు. తల్లి బతికితేనే బిడ్డ.

7. డబ్బు కట్టందే, పోలీసులు రాందే స్కాన్ తీయమంటే?

అత్యవసరంలో అలా ఆపే వీల్లేదు. ప్రభుత్వ డాక్టరైనా ప్రైవేటు డాక్టరైనా ప్రాణం కాపాడటమే ముందని, చట్టపరమైన లాంఛనాల కోసం వైద్యం ఆపకూడదని పరమానంద్ కటారా కేసులో 1989లో సుప్రీంకోర్టు తేల్చింది. మోటారు వాహనం వల్ల రోడ్డు ప్రమాదం జరిగితే 2025 మే 5న మొదలైన కేంద్ర నగదు రహిత పథకం కింద ఎంపికైన ఆస్పత్రుల్లో 7 రోజుల వరకు, రూ.1.5 లక్షల దాకా చికిత్స అందుతుంది. 112కు ఫోన్ చేయండి.

8. కొట్లాటలో దెబ్బలు తగిలాయి. ఎక్స్‌రే తీయాల్సిందే అంటున్నారు, ఎందుకు?

వైద్యంతో పాటు కేసూ దాని మీదే ఆధారపడుతుంది. భారతీయ న్యాయ సంహిత 116వ సెక్షన్ ప్రకారం ఎముక గానీ పన్ను గానీ విరిగినా, తొలగినా అది తీవ్ర గాయం. కావాలని మామూలు గాయం చేస్తే ఏడాది వరకు జైలు, తీవ్ర గాయమైతే ఏడేళ్ల వరకు. అందుకే ఇలాంటి పోలీసు (మెడికో లీగల్) కేసుల్లో ఎక్స్‌రే సాక్ష్యమవుతుంది.

9. "ఫలానా సెంటర్‌లోనే తీయించండి" అంటే వినాలా?

పరీక్ష ఎక్కడ చేయించుకోవాలో ఎంచుకునే హక్కు రోగిదేనని జాతీయ మానవ హక్కుల సంఘం రూపొందించిన రోగుల హక్కుల పత్రం చెబుతోంది. రోగిని పంపినందుకు డాక్టరు కమీషన్ తీసుకోవడాన్ని 2002 నాటి వైద్య వృత్తి నియమావళి నిషేధించింది. అయితే కాజువాలిటీలో ప్రాణం మీదికొచ్చినప్పుడు దగ్గర్లో ఉన్న స్కానరే మేలు. రేటు బేరమాడుతూ తలకు దెబ్బ తగిలిన మనిషిని ఊరంతా తిప్పకండి.

10. ఫిల్ములు, రిపోర్టులు మాకివ్వాలా?

ఇవ్వాలి. పైన చెప్పిన వైద్య వృత్తి నియమావళి ప్రకారం రోగి అడిగిన 72 గంటల్లోగా వైద్య రికార్డులు అందజేయాలి. అడిగేటప్పుడు కాగితం మీద రాసిచ్చి, అందినట్టు సంతకం తీసుకోండి. పోలీసు కేసైతే అసలు ఫిల్ములు సాధారణంగా ఆస్పత్రి దగ్గరే ఉంటాయి, మీరు నకళ్లు అడగండి. పాత ఫిల్ములను పారేయకుండా తర్వాతి డాక్టరుకు చూపిస్తే అదే స్కాన్ మళ్లీ తీయించే ఖర్చు, రేడియేషన్ రెండూ తప్పుతాయి.