పాండాను అడిగిన పిల్లకు కోరంగి

"నాన్నా, ఈ సెలవులకి పాండాను చూడ్డానికి వెళ్దాం."

బడి సంచీ అరుగు మీద పడేస్తూ మా చిన్నది ఈ మాట అన్నప్పుడు దానికి ఎనిమిదేళ్ళు. "పాండా కావాలంటే చైనా వెళ్ళాలమ్మా" అని వాళ్ళ నాన్న మళ్ళీ పేపర్లోకి వెళ్ళిపోయారు. నేను పొయ్యి దగ్గరనుంచే "ముందు కాళ్ళు కడుక్కో" అన్నాను. బియ్యం ఏరుతున్న మా అత్తగారు తలెత్తి, "పిల్ల అడిగిందానికి జవాబు చెప్పరేమర్రా?" అన్నారు.

ఆ మాట నాకు చాలా రోజులు గుచ్చుకుంది. మనకు అందనిదేదో పిల్లలు అడగ్గానే మాట మార్చేస్తాం. మా చిన్నది అడిగింది బొమ్మ కాదు. ప్రాణమున్న జంతువును అది బతికేచోట కళ్ళారా చూడాలంది. ఆ కోరికకు మా పోలవరం నుంచే దారి ఉంది. మేము రెండుసార్లు కోరంగి వెళ్ళి తెలుసుకున్న సంగతులు తోటి అమ్మానాన్నలకు చెప్పాలని ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాను.

మొదట పాండా గురించి ఉన్నదున్నట్టు చెప్పండి. జెయింట్ పాండా మన దేశంలో ఏ జూలోనూ లేదు. సింగపూర్‌లో కై కై, జియా జియా అనే జంట 2012 నుంచి ఉంది. వాటికి 2021లో పుట్టిన లె లె 2024 మొదట్లో చైనాకు వెళ్ళిపోయింది. చైనాలో చెంగ్డూ పాండా కేంద్రం 1987లో మొదలైంది, అదీ అడవిలో నుంచి కాపాడి తెచ్చిన ఆరంటే ఆరు పాండాలతో. ఆ రోజుల్లో అక్కడి కొండల్లో వెదురు పూసింది. వెదురు పూస్తే చచ్చిపోతుందని మన ఏజెన్సీ ఊళ్ళలో ఎవరినడిగినా చెబుతారు. తిండి అదొక్కటే అయిన జంతువు ఏమైపోవాలి? ఈ సంగతి చెప్పినప్పుడు మా పిల్ల అన్నం కలపడం ఆపేసింది. మారేడుమిల్లి బొంగు చికెన్ తప్ప వెదురుతో పనిలేని పిల్లకు, రోజుకు పన్నెండు కిలోలకు పైగా వెదురు నమిలే జంతువు ఉందంటే ఎంత ఆశ్చర్యమో! పుట్టినప్పుడు పాండా పిల్ల వంద గ్రాములే ఉంటుందని కూడా చెప్పండి. వంద గ్రాములంటే ఎంతో తెలియడానికి ఒక చిన్న టమాటా చేతిలో పెట్టండి.

చైనా భాషలో పాండాను పిలిచే మాటకు 'పెద్ద ఎలుగు పిల్లి' అని అర్థం. నాకు దారి చూపింది ఈ ముక్కే. ఎలుగు పిల్లి అంత దూరాన ఉంటే, మన గోదావరి సముద్రంలో కలిసేచోట చేపలు పట్టి బతికే పిల్లి ఒకటి ఉంది. బావురుపిల్లి. నీటిపిల్లి అని కూడా అంటారు. ఊరి పిల్లికి రెండింతలు ఉంటుంది, తోక పొట్టి, ఒంటి మీద మచ్చలు. వేళ్ళ మధ్య కాస్త చర్మం ఉండి ఈతకు సాయపడుతుంది. పాండాకు వెదురు పట్టుకోవడానికి మణికట్టు ఎముకే బొటనవేలులా పెరిగింది కదా, దీనికి నీళ్ళకు తగిన పాదం వచ్చిందన్నమాట. ప్రపంచంలో తగ్గిపోతున్న జంతువుల జాబితాలో ఇదీ ఉంది. కోరంగి అభయారణ్యంలో 2018లో లెక్క చూస్తే 115 కనిపించాయి.

కోరంగి కాకినాడకు దగ్గర్లో, యానాం వెళ్ళే రోడ్డు మీద ఉంటుంది. 1978లో అభయారణ్యంగా ప్రకటించారు. దాదాపు 235 చదరపు కిలోమీటర్ల మడ అడవి. మనకు పట్టిసీమ, తాళ్ళపూడి, కొవ్వూరు మీదుగా గోదావరి దాటి రాజమండ్రి, అక్కణ్ణుంచి ధవళేశ్వరం, రామచంద్రాపురం, ద్రాక్షారామం, యానాం దారి బాగుంటుంది. ఎక్కువభాగం ఏరూ కాలువలూ పక్కనే కనిపిస్తుంటాయి.

బయల్దేరడానికి వారం ముందు ఒక సాయంత్రం పిల్లలను రేవు దగ్గరకు తీసుకెళ్ళండి. పటం పరిచి, వేలు పోలవరం మీద పెట్టించి, నీళ్ళు పోయే దారినే కిందికి జరపమనండి. ధవళేశ్వరం దగ్గర నది చీలుతుంది, గౌతమి ఒకవైపు, వశిష్ఠ ఒకవైపు. గౌతమిని పట్టుకుని వెళితే కోరంగి. మన పెద్దవాళ్ళు చొల్లంగి నుంచి అంతర్వేది వరకు గోదావరి ఏడు పాయలూ సముద్రంలో కలిసేచోట్ల స్నానాలు చేస్తూ సప్తసాగర యాత్ర చేసేవారు. మా అత్తగారి అత్తగారు వెళ్ళొచ్చారట, ఆ కథంతా ఆ సాయంత్రమే బయటికొచ్చింది. నాకు పెళ్ళయి పదిహేనేళ్ళయినా అప్పటిదాకా తెలియదు.

పోలవరం పిల్లలకు చూడ్డానికి రావడం అంటే ఏమిటో బాగా తెలుసు. ప్రాజెక్టు చూడ్డానికి బస్సుల్లో జనం వస్తారు, ఎత్తు మీద నిలబడతారు, ఫోటో తీసుకుంటారు, వెళ్ళిపోతారు. జంతువుల దగ్గరికి కూడా పిల్లలు అదే ఊహతో వస్తారు. అందుకే నా సలహాల్లో అన్నిటికన్నా గట్టిగా చెప్పేది ఒకటుంది. బావురుపిల్లి మీకు కనపడదు. ఆ మాట ఇంట్లోనే, బయల్దేరకముందే చెప్పండి. అది రాత్రిపూట తిరిగే జంతువు, మనిషి అలికిడికి పొదలోకి వెళ్ళిపోతుంది. "బహుశా కనిపిస్తుందేమోలే" అని ఊరించొద్దు. తీరా కనిపించకపోతే అడవి మోసం చేసిందనుకుంటారు. మనం చూడబోయేది దాని ఇల్లు, దాని తిండి, దాని అడుగు జాడ అని చెప్పండి. పిల్లలు అర్థం చేసుకుంటారు, మనమే వాళ్ళను తక్కువ అంచనా వేస్తాం.

రెండోది పోటూ ఆటూ చూసుకోవడం. ఇది చూసుకోకే మా మొదటి ప్రయాణం పాడైంది. అమావాస్య మర్నాడు వెళ్ళాం. పది దాటాక చేరేసరికి పోటు నిండుగా ఉంది. మడ అడవిలో నడవడానికి వేసిన చెక్క వంతెన కింద బురదంతా మునిగిపోయి ఉత్త నీళ్ళూ ఆకులూ మిగిలాయి. పిల్ల అరగంట ఓపిక పట్టి, తర్వాత కారు దగ్గరకు పోదామంది. దాని తప్పేం లేదు. ఆ నీటి కిందే అసలు సంత ఉందని మాకే తెలియదు. పోటు వేళ రోజురోజుకూ దాదాపు యాభై నిమిషాలు ఆలస్యమవుతుంది. మా అత్తగారు పంచాంగం చూసి, అక్కడి పడవవాళ్ళకు ఫోన్ చేయించి రెండోసారి దశమి నాడు పంపించారు. మీరూ అంతే చేయండి. ఏ తిథికి ఏ వేళ నీరు దిగుతుందో పడవవాళ్ళకు కొట్టిన పిండి.

నీరు దిగాక ఆ బురద చూడాలి! మడచెట్ల చుట్టూ ఎవరో వందల పెన్సిళ్ళు గుచ్చినట్టు వేళ్ళు పైకి లేచి ఉంటాయి. బురదలో గాలి ఆడదు, అందుకని చెట్టు ఊపిరి కోసం వేళ్ళను పైకి పంపుతుంది. వాటి మధ్య వేలెడంత చేపలు నెత్తి మీద కళ్ళు పెట్టుకుని, నీళ్ళు లేని చోట రెక్కల మీద గెంతుకుంటూ పోతుంటాయి. మా చిన్నది వంతెన మీద బోర్లా పడుకుని ఒక పీతను పట్టుకుంది, చేత్తో కాదు, చూపుతో. ఎర్రటి పీత, ఒక డెక్క చిన్నది, ఇంకొకటి ఒంటి అంత పెద్దది. పెద్ద డెక్కను పైకెత్తి రమ్మన్నట్టు ఊపుతుంది, ఆగుతుంది, మళ్ళీ ఊపుతుంది. పక్క బొరియ పీత బయటికొస్తే దీని ఊపు పెరుగుతుంది. ఎవరో అడుగు గట్టిగా వేశారు, క్షణంలో బురదంతా ఖాళీ. "కదలొద్దమ్మా" అని నన్నే గదమాయించింది. మూడు నిమిషాలో నాలుగు నిమిషాలో గడిచాక మొదటి డెక్క బయటికొచ్చింది. బడిలో ఐదు నిమిషాలు కుదురుగా కూర్చోదని మాకు కబురు వచ్చేది ఆ పిల్ల మీదే.

కాబట్టి అక్కడ తొందర పెట్టకండి. ఒకే చోట కూర్చోనివ్వండి. వంతెన చివరిదాకా నడిచి తీరాలన్న పంతం పెద్దవాళ్ళది. కార్తీకంలో వనభోజనాల జనం, ఆదివారాల సందడి లేని రోజు చూసుకోండి. అక్టోబరు, నవంబరు తుపాన్ల నెలలు, ఎండాకాలం ఉక్క భరించలేం. డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా హాయి, వలస వచ్చిన ఉల్లంకి పిట్టలు కూడా ఉంటాయి. నిండు చేతుల చొక్కాలు వేయండి, దోమలుంటాయి. స్టీలు సీసాలో నీళ్ళు, అరిటాకులో కట్టిన పులిహోర చాలు, ప్లాస్టిక్ కవర్లు ఇంటి దగ్గరే వదిలేయండి. తిల్ల చెట్టు ఏదో అడవి సిబ్బందిని అడిగి చూపించండి, దాని పాలు కంట్లో పడితే ప్రమాదం, అందుకే ఏ ఆకూ తుంపొద్దని కారణంతో సహా చెప్పండి. ఊరికే వద్దంటే వినరు, కారణం చెబితే పక్కవాళ్ళకూ చెబుతారు.

పడవ ఎక్కేటప్పుడు మాత్రం మెత్తదనం వద్దు. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర జరిగిన పడవ ప్రమాదాన్ని మన గోదావరి ఒడ్డున మరిచిపోయినవాళ్ళు లేరు. లైఫ్ జాకెట్ పిల్ల ఒంటికి సరిపోయేది ఉండాలి, బకిల్ మీ చేత్తో మీరే పెట్టాలి, మీరూ వేసుకోవాలి. సరిపోయేది లేదంటే దిగిపోండి. పిల్లలు ఏడిస్తే ఏడవనివ్వండి, వంతెన మీంచి చూసేదే బోలెడు.

కోరంగి పేరు గురించి ఒక్క ముక్క. ఒకప్పుడు ఇది పెద్ద ఓడరేవు. ఇక్కణ్ణుంచి ఎంతమంది బర్మా వెళ్ళారంటే, రంగూన్‌లో తెలుగువాళ్ళందరినీ కోరంగీలనే పిలిచారు. 1839 నవంబరు ఉప్పెనలో ఆ రేవు నాశనమైంది, మళ్ళీ తేరుకోలేదు. మడ దట్టంగా ఉన్నచోట ఉప్పెన జోరు తగ్గుతుంది. పిల్లిని కాపాడాలంటే మడను కాపాడాలి, మడ ఉంటే దాని వెనక ఊళ్ళకు అండ. ఇది పెద్ద పిల్లలకు చెప్పండి. చిన్నవాళ్ళకు పీతలు చాలు.

జనవరి, ఫిబ్రవరి నెలల్లో వెళ్ళేవాళ్ళకు ఇంకో భాగ్యం దక్కవచ్చు. ఆలివ్ రిడ్లే తాబేళ్ళు ఈ తీరం ఇసుకలోనే గుడ్లు పెడతాయి, ఒక్కో గూట్లో వందకు పైగా. కుక్కలూ నక్కలూ తవ్వి తినకుండా అటవీశాఖ వాళ్ళు గుడ్లు తెచ్చి కంచె వేసిన ఇసుకలో పొదిగిస్తారు. నెలన్నర దాటాక పిల్లలు బయటికొస్తాయి. ఆ ఏడు హేచరీ ఎక్కడ పెట్టారో, పిల్లలను వదిలే రోజు చూడనిస్తారో లేదో ముందే కనుక్కోండి. చూడనిస్తే ఫ్లాష్ లేకుండా, చెయ్యి తగలకుండా, వాటి దారికి పక్కగా నిలబడాలి. చెంగ్డూ పాండా కేంద్రంలో జరిగేదీ ఇలా పిల్లలను కాపాడే పనే. ఎక్కడైనా డబ్బు తీసుకుని జంతువును చేతికిస్తామంటే, ఎంత ముద్దొచ్చినా పిల్లలను వెనక్కి తీసుకొచ్చేయండి.

ఓపికున్నవాళ్ళకు విశాఖపట్నం జూ కూడా ఉంది, సోమవారం సెలవు. మన పాపికొండల అడవిలో తిరిగే రేచుకుక్కల సంతతిని అక్కడ పెంచుతున్నారు. పాండా పేరే వినాలని పట్టుబట్టే పిల్లలకు డార్జిలింగ్ జూ గురించి చెప్పండి. అక్కడివి ఎర్ర పాండాలు, జెయింట్ పాండాకు దగ్గరి చుట్టాలు కావు. ఆ జూలో పుట్టిపెరిగిన రెండిటిని 2003లో అడవికి వదిలారు. ఆ జూకు ఉన్నది మన హైదరాబాదులో పుట్టిన పద్మజా నాయుడు పేరు. రేపు మీ ఇంట్లో ఎవరైనా సింగపూరో చెంగ్డూనో వెళ్ళే రోజు వస్తే పొద్దున్నే చేరుకోండి. ఎండెక్కితే పాండాలు పడుకుంటాయి, నిద్ర లేవమని అద్దం కొట్టే పిల్లల్లో మీ పిల్లలు ఉండకూడదు.

మా రెండో ప్రయాణంలో అటవీశాఖ మనిషి ఒకాయన కాలవ గట్టు మీద ఒక అడుగు జాడ చూపించాడు. గుండ్రటి మెత్త, నాలుగు వేళ్ళు, వేళ్ళ ముందు సన్నగా గోళ్ళ గుర్తులు. "ఊరి పిల్లి గోళ్ళు లోపలికి లాక్కుంటుంది పాపా, దీనివి పూర్తిగా లోపలికి పోవు" అన్నాడు. మా చిన్నది పుస్తకం తీసి, పెన్సిల్ పొడవు పెట్టి కొలిచి, గీసుకుంది. పిల్లి కనపడలేదని ఒక్క మాట అనలేదు. కారులో ద్రాక్షారామం రాకముందే నిద్రపోయింది.

మర్నాడు ఆదివారం. పెరట్లో చప్పుడైతే వెళ్ళి చూశాను. పళ్ళెంలో గోదారి ఒండ్రు తెచ్చి తడిపి, నునుపుగా అద్ది, దాని అవతల చేప తలకాయ పెట్టి గోడ పక్కన కూర్చుని ఉంది. మా ఇంటి చుట్టూ తిరిగే బూడిదరంగు పిల్లి చాలాసేపు అటూ ఇటూ చూసి, చివరికి బురద మీద అడుగు వేసింది. పుస్తకం తెరిచి పక్కన పెట్టి, "గోళ్ళు లేవు మామ్మా, రా, గోళ్ళు లేవు!" అని వాళ్ళ మామ్మను కేకేసింది.